25.00, 56.66: ఇద్దరు తొలితరం తెలుగు టెస్ట్ క్రికెటర్లు, ఒక సగటు లెక్క

సి.కె. నాయుడు టెస్ట్ బ్యాటింగ్ సగటు 25.00. కోటా రామస్వామి టెస్ట్ బ్యాటింగ్ సగటు 56.66. రెండూ కరెక్టే. ఏ రికార్డుల పుస్తకం తీసినా ఇవే కనిపిస్తాయి. ఇద్దరూ తెలుగు కుటుంబాల వాళ్లే. ఇద్దరూ 1936లో ఇంగ్లండ్ వెళ్లిన ఒకే ఇండియా జట్టులో ఆడారు. ఎక్సెల్‌లో సగటు కాలమ్ మీద క్లిక్ చేసి పెద్ద నుంచి చిన్నకి సార్ట్ చేస్తే రామస్వామి పైకి వెళ్లి కూర్చుంటారు. వి.వి.ఎస్. లక్ష్మణ్ (45.97) కూడా ఆయన కిందే. నాయుడు కోసం ఇంకా చాలా కిందకి స్క్రోల్ చేయాలి.

మా హాస్టల్లో క్విజ్ కోసం స్లైడ్లు చేసినవాళ్లు అచ్చంగా అదే పని చేశారు. "బెస్ట్ తెలుగు టెస్ట్ బ్యాటర్ ఎవరు?" అని ప్రశ్న, కింద సగటు ప్రకారం జవాబు. హాల్లో సగం మంది ఒప్పుకోలేదు, సగం మంది "నంబర్ అబద్ధం చెప్పదు కదా" అన్నారు. ఈ వ్యాసం ఆ రెండో సగం కోసం. నంబర్ అబద్ధం చెప్పదు, నిజమే. కానీ మనం దాన్ని ఏం అడిగామో దానికే అది జవాబు చెబుతుంది. ఈ సెమిస్టర్లో ప్రాబబిలిటీ అండ్ స్టాటిస్టిక్స్ పేపర్ ఉన్నవాళ్లకి ఇది రివిజన్‌గా కూడా పనికొస్తుంది. లెక్కలన్నీ కాగితం మీద చేసుకోగలిగినవే.

ముందు మనుషుల్ని పరిచయం చేస్తాను.

కనకయ్య నాయుడు 1895 అక్టోబర్ 31న నాగ్‌పూర్‌లో పుట్టారు. 1916లో ఫస్ట్‌క్లాస్ క్రికెట్ మొదలుపెట్టారు. 1923లో హోల్కర్ మహారాజు పిలిస్తే ఇందూరు వెళ్లి ఆ సంస్థానం సైన్యంలో చేరారు. కల్నల్ నాయుడు అన్న పేరు అక్కడిదే. క్రికెట్ ఆడి బతకడానికి మనకి అప్పట్లో లీగులు లేవు, సంస్థానాలే దిక్కు. 1932 జూన్ 25న లార్డ్స్‌లో ఇండియా తన మొట్టమొదటి టెస్ట్ ఆడినప్పుడు కెప్టెన్ ఆయనే. మరుసటి ఏడాది విజ్డెన్ ఎంచిన ఐదుగురు మేటి క్రికెటర్లలో ఆయన పేరుంది. 1956లో పద్మభూషణ్ వచ్చింది. (మనది సాహిత్య క్లబ్బు కాబట్టి ఒక చిన్న పక్కదారి: మా వినుకొండలో గుర్రం జాషువా పుట్టింది 1895 సెప్టెంబర్ 28న. అంటే నాయుడు కంటే 33 రోజులు పెద్ద. ఇద్దరికీ పద్మభూషణ్ వచ్చింది, జాషువాకి 1970లో. ఈ లెక్కకీ మన విషయానికీ సంబంధం లేదు, కానీ కనబడ్డాక రాయకుండా ఉండలేకపోయాను.)

కోటా రామస్వామి 1896 జూన్ 16న మద్రాసులో పుట్టారు. మద్రాసు క్రికెట్‌కి ఆద్యుడని చెప్పుకునే బుచ్చిబాబు నాయుడి కొడుకు. బుచ్చిబాబు టోర్నమెంట్ అని ఇప్పటికీ జరుగుతుందే, ఆ బుచ్చిబాబే. రామస్వామి ఎడమచేతి వాటం బ్యాటర్. అంతకంటే ముందు టెన్నిస్ ఆటగాడు. కేంబ్రిడ్జ్‌లో చదువుకున్నారు, 1922లో డేవిస్ కప్‌లో ఇండియా తరఫున ఆడారు. క్రికెట్‌లో టెస్ట్ పిలుపు వచ్చేసరికి 40 ఏళ్లు దాటాయి. 1936 జూలైలో మాంచెస్టర్ ఓల్డ్ ట్రాఫర్డ్‌లో ఒకటి, ఆగస్టులో లండన్ ఓవల్‌లో ఒకటి, మొత్తం రెండు టెస్టులు. అంతే.

ఇద్దరి మధ్య వయసు తేడా ఏడున్నర నెలలు. అంటే ఒకే క్లాసులో చదివేంత దగ్గర. పోలికకి ఇంతకంటే మంచి జత దొరకదు: ఒకే వయసు, ఒకే జట్టు, రెండు మ్యాచ్‌ల వరకు అదే పిచ్, అవే బంతులు.

ఇక డేటా. నాయుడు టెస్ట్ ఇన్నింగ్స్ 14, వరసగా ఇవి: 1932 లార్డ్స్‌లో 40, 10. 1933–34లో బొంబాయిలో 28, 67, కలకత్తాలో 5, 38, మద్రాసులో 20, 2. 1936లో లార్డ్స్‌లో 1, 3, ఓల్డ్ ట్రాఫర్డ్‌లో 16, 34, ఓవల్‌లో 5, 81. కూడితే 350. ఒక్కసారి కూడా నాటౌట్ కాదు. 350ని 14తో భాగిస్తే 25.00.

రామస్వామివి నాలుగే: ఓల్డ్ ట్రాఫర్డ్‌లో 40, 60, ఓవల్‌లో 29, 41 నాటౌట్. మొత్తం 170. క్రికెట్ సగటు అంటే పరుగుల్ని ఇన్నింగ్స్‌ల సంఖ్యతో కాదు, ఔటైనసార్లతో భాగించడం. ఔటైంది మూడుసార్లు. 170ని 3తో భాగిస్తే 56.66.

ఇక్కడ చాలామంది మొదటి అభ్యంతరం చెప్తారు: "నాటౌట్‌ని లెక్కలో వదిలేయడం మోసం కదా? నాలుగుతో భాగించు." నాలుగుతో భాగిస్తే 42.50 వస్తుంది. కానీ క్రికెట్ వాళ్ల పద్ధతే సరైనది, దానికి కారణం ఉంది. నాలుగు బల్బులు ఎన్ని గంటలు వెలుగుతాయో పరీక్షిస్తున్నామనుకోండి. మూడు మాడిపోయాయి, నాలుగోది 41 గంటల దగ్గర ఇంకా వెలుగుతూనే ఉండగా కరెంటు పోయింది. నాలుగో బల్బు ఆయుష్షు 41 గంటలు అని రాస్తే అది తప్పు. 41 కంటే ఎక్కువ అని మాత్రమే మనకి తెలుసు. ఇలాంటి తెగిపోయిన డేటాని స్టాటిస్టిక్స్‌లో సెన్సార్డ్ డేటా అంటారు (సినిమా సెన్సార్‌తో సంబంధం లేదు). బల్బు ఎప్పుడైనా ఒకే అవకాశంతో మాడుతుందని అనుకుంటే, ఆయుష్షుకి మంచి అంచనా ఏంటంటే మొత్తం వెలిగిన గంటలు భాగించు మాడిన బల్బులు. అచ్చంగా బ్యాటింగ్ సగటు సూత్రం ఇదే. ఓవల్‌లో ఇండియా మొత్తం 312కి ఆలౌట్ అయినప్పుడు రామస్వామి 41 మీద నిలబడే ఉన్నారు. ఆ ఇన్నింగ్స్‌ని ఆపింది బౌలర్ కాదు, అవతల వికెట్లు అయిపోవడం.

కాబట్టి 56.66 అనే నంబర్‌లో మోసం ఏమీ లేదు. సమస్య వేరే చోట ఉంది. అది మూడు మీద నిలబడిన నంబర్.

మా తాతయ్యతో గుంటూరు మిర్చి యార్డుకి వెళ్లినప్పుడు ఒకటి చూశాను. కొనేవాళ్లు ఒక లాటులో పైన ఉన్న ఒక్క టిక్కీ చూసి ధర చెప్పరు. రెండు మూడు విప్పిస్తారు, చెయ్యి లోపలికి పెట్టి అడుగు నుంచి కాయ తీస్తారు, తొడిమ చూస్తారు, తాలు ఎంతుందో చూస్తారు. పైన మూడు కాయలు ఎర్రగా మెరుస్తుంటే "లాటంతా ఇలాగే ఉంటుంది" అనేవాడు ఆ యార్డులో వారం కూడా వ్యాపారం చేయలేడు. వాళ్లెవరూ స్టాండర్డ్ ఎర్రర్ అనే మాట విని ఉండరు. చేసేది మాత్రం అదే.

స్టాండర్డ్ ఎర్రర్ అంటే మన సగటు అసలు విలువకి ఎంత అటూ ఇటూ ఉండొచ్చో చెప్పే కొలత. డేటా ఎంత చెల్లాచెదురుగా ఉందో (అంటే స్టాండర్డ్ డీవియేషన్) దాన్ని శాంపిల్ సంఖ్య వర్గమూలంతో భాగించాలి. నాయుడి 14 స్కోర్లకి స్టాండర్డ్ డీవియేషన్ వేస్తే 24.97 వచ్చింది. మళ్లీ వేశాను. అదే. సగటు 25.00, డీవియేషన్ 24.97! ఇంత దగ్గరగా రావడం కొంత కాకతాళీయం, కానీ పూర్తిగా కాదు. ప్రతి పరుగు దగ్గరా ఔటయ్యే అవకాశం దాదాపు ఒకేలా ఉంటే స్కోర్లు జామెట్రిక్ డిస్ట్రిబ్యూషన్‌లో పడతాయి. దానిలో సగటు, డీవియేషన్ దాదాపు సమానం. క్రికెట్ స్కోర్లు ఈ పద్ధతిలో పడతాయా అని 1945లోనే జి.హెచ్. వుడ్ అనే ఆయన రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ జర్నల్‌లో వ్యాసం రాశారు. మనం క్లాసులో నాణేలు ఎగరేసి నేర్చుకునే డిస్ట్రిబ్యూషన్‌ని ఆయన స్కోర్‌కార్డుల్లో వెతికారన్నమాట.

దీనివల్ల మనకొక షార్ట్‌కట్ దొరుకుతుంది. బ్యాటర్ స్టాండర్డ్ ఎర్రర్ సుమారుగా కావాలంటే సగటుని, ఔటైనసార్ల వర్గమూలంతో భాగించేస్తే చాలు. వేసి చూద్దాం. నాయుడు: 25ని 14 వర్గమూలంతో (3.74) భాగిస్తే దాదాపు 6.7. కాబట్టి ఆయన టెస్ట్ సగటు 25, అటూ ఇటూ 7. రామస్వామి: 56.66ని 3 వర్గమూలంతో (1.73) భాగిస్తే 32.7. కాబట్టి 57, అటూ ఇటూ 33! అంటే 24 నుంచి 89 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. కింద కొస నాయుడి సగటుకి తగులుతోంది. పై కొస బ్రాడ్‌మన్‌కి పది పరుగుల దూరంలో ఉంది. ఇక లక్ష్మణ్ 191 సార్లు ఔటయ్యారు, ఆయన లెక్క 46, అటూ ఇటూ 3. క్విజ్ స్లైడ్ మీద ఈ మూడు నంబర్లూ ఒకే ఫాంట్‌లో, ఒకే సైజులో, రెండేసి దశాంశాలతో ఉన్నాయి. నన్నడిగితే 56.66లో ఆ చివరి రెండు ఆరులూ అలంకారమే.

ఇంకో రకంగా చూడండి. రామస్వామి ఇంకో నాలుగు ఇన్నింగ్స్ ఆడి నాలుగింట్లోనూ సున్నాకి ఔటయ్యారనుకుంటే సగటు 170 భాగించు 7, అంటే 24.29. నాయుడి కిందకి వచ్చేశారు. కేవలం నాలుగు చెడ్డ రోజులు. అదే నాలుగు సున్నాలు నాయుడికి తగిలిస్తే 25.00 కాస్తా 19.44 అవుతుంది. ఒకరికి 32 పరుగుల పతనం, ఒకరికి ఐదున్నర.

ఇప్పుడు నాయుడినే రామస్వామి చొక్కాలో పెడదాం. ఆయన కెరీర్ కూడా రెండు టెస్టులే అయ్యుంటే? ఏడు టెస్టుల్లోంచి వరసగా ఉన్న రెండేసి తీసుకుంటే ఆరు జతలు వస్తాయి. వాటి సగటులు: 36.25, 34.50, 16.25, 6.50, 13.50, 34.00. ఒకే మనిషి! మద్రాసు టెస్ట్, దాని తర్వాత 1936 లార్డ్స్ మాత్రమే ఆయన ఖాతాలో ఉండుంటే రికార్డు పుస్తకంలో 6.50 అని ఉండేది, ఇండియా తొలి గొప్ప బ్యాటర్ అని ఎవరైనా అంటే మనం నవ్వేవాళ్లం.

ఇది క్రికెట్ గొడవ మాత్రమే అనుకోకండి. మన క్లాసులో డిప్లొమా చేసి లేటరల్ ఎంట్రీలో వచ్చినవాళ్లున్నారు. వాళ్ల సీజీపీఏలో ఉండేది ఆరు సెమిస్టర్లు, మనకి ఎనిమిది. వాళ్లకి మొదటి ఏడాది లేదు. అందులోని ఇంజనీరింగ్ డ్రాయింగ్ లేదు, ఫిజిక్స్ లేదు. ప్లేస్‌మెంట్ షీట్‌లో మాత్రం అందరూ ఒకే కాలమ్. ఒక ఫిల్టర్, ఒక కటాఫ్. ఒక్క చెడ్డ సెమిస్టర్ వాళ్లని లాగినంతగా మనల్ని లాగదు, ఒక్క మంచి సెమిస్టర్ లేపినంతగా లేపదు. పై ఏడాది అదే షీట్‌లో మనమూ ఉంటాం కాబట్టి, ఎన్నింటి మీద సగటు అన్న ప్రశ్న ఇప్పుడే అలవాటు చేసుకోవడం మంచిది.

సరే, ఇక్కడిదాకా చదివినవాళ్లు "అయితే రామస్వామిది లక్కు, వదిలెయ్" అనుకుంటారు. నేను అలా అనను. చిన్న శాంపిల్ అంటే అబద్ధపు శాంపిల్ కాదు. ఒక పరీక్ష పెట్టాను. నాయుడి 14 స్కోర్లనీ చీటీల మీద రాసి డబ్బాలో వేయండి. ఒక చీటీ తీయండి, చూసి మళ్లీ డబ్బాలో వేయండి, ఇలా మూడుసార్లు. మూడింటి మొత్తం 170 లేదా అంతకు మించి రావడానికి ఎంత అవకాశం? 14 ఇంటూ 14 ఇంటూ 14, అంటే 2744 రకాలుగా చీటీలు రావొచ్చు. పైథాన్‌లో మూడు ఫర్ లూపులు రాసి లెక్కపెడితే 59 వచ్చాయి. చేత్తో కూడా చేయొచ్చు, 81 గానీ 67 గానీ కనీసం రెండు రాకపోతే 170 దాటడం కుదరదు కాబట్టి తొందరగానే అయిపోతుంది. 2744లో 59 అంటే వందకి రెండు. అంటే రామస్వామి ఆ రెండు మ్యాచ్‌ల్లో ఆడింది నాయుడి టెస్ట్ స్థాయి బ్యాటింగే, కేవలం అదృష్టం కలిసొచ్చింది అనడం కొంచెం కష్టమే. ఒకే రెండు మ్యాచ్‌లు పక్కపక్కన పెట్టినా అంతే: ఓల్డ్ ట్రాఫర్డ్, ఓవల్ కలిపి నాయుడు 136 పరుగులు, సగటు 34.00. రామస్వామి 170, సగటు 56.66. నలభై దాటిన మనిషి, మొదటిసారి టెస్ట్ ఆడుతూ, నాలుగు ఇన్నింగ్స్‌లో ఒక్కసారి కూడా 29కి తగ్గలేదు.

మరి వందకి రెండు అనేది తేల్చేసినట్టేనా? ఇక్కడే నాకు బాగా నచ్చిన మలుపు ఉంది.

ఆ చీటీల డబ్బాలో 1936 లార్డ్స్ టెస్ట్‌లోని 1, 3 కూడా ఉన్నాయి. రామస్వామి ఆ టెస్ట్ ఆడలేదు. ఆ మ్యాచ్ స్కోర్లు చూడండి: ఇండియా 147, 93. ఇంగ్లండ్ 134, తర్వాత ఒక వికెట్‌కి 108. మొత్తం 482 పరుగులకి 31 వికెట్లు. ఎక్స్‌ట్రాలతో కలిపి వికెట్‌కి 15.5 పరుగులు. ఆ మ్యాచ్‌లో ఎవరికీ పరుగులు సులువుగా రాలేదు. మన అమర్ సింగ్ ఆరు వికెట్లు 35 పరుగులకే తీశారు.

తర్వాతి రెండు టెస్టులు వేరే లోకం. ఓల్డ్ ట్రాఫర్డ్‌లో ఇండియా 203, తర్వాత ఐదు వికెట్లకి 390. ఇంగ్లండ్ ఎనిమిది వికెట్లకి 571. విజయ్ మర్చంట్, ముస్తాక్ అలీ ఓపెనింగ్‌కి 203 కొట్టింది ఈ మ్యాచ్‌లోనే. రెండో రోజు ఒక్కరోజులో రెండు జట్లూ కలిపి 588 పరుగులు చేశాయి. ఓవల్‌లో ఇంగ్లండ్ ఎనిమిదికి 471, తర్వాత ఒకటికి 64, ఇండియా 222, 312. రెండు మ్యాచ్‌లూ కలిపితే 2233 పరుగులు, 52 వికెట్లు. వికెట్‌కి 42.9. లార్డ్స్‌తో పోలిస్తే దాదాపు మూడు రెట్లు.

మా వైపు ఎవరైనా "ఆయనకి ఎకరానికి ఇన్ని క్వింటాళ్లు పండింది, ఈయనకి అందులో సగమే" అంటే మొదట అడిగే ప్రశ్న రైతు గురించి కాదు. బోరు ఉందా, వానాధారమా? నల్లరేగడా, చవుడా? తెగులు వచ్చిన ఏడా, రాని ఏడా? అవి అడక్కుండా దిగుబడి పోల్చేవాడిని పక్కన కూర్చోబెడతారు. నాయుడి 25లో లార్డ్స్ లాంటి బీడు నేల ఉంది. రామస్వామి 56.66 మొత్తం బోరు కింద పండింది. ఇది రామస్వామి తప్పు కాదు, ఆయన్ని ఆడించిన చోట ఆయన ఆడారు. ఆ నేలలో కూడా సగటు వికెట్‌కి 42.9 అయితే ఆయన 56.66, అంటే ఒకటికి 1.3 రెట్లు. నాయుడు అదే నేలలో 34, అంటే 0.8. కాబట్టి ఆ రెండు మ్యాచ్‌ల వరకు రామస్వామే మెరుగు, సందేహం లేదు. కానీ తేడా మనం స్లైడ్ మీద చూసినంత పెద్దది కాదు.

ఎక్కువ డేటా ఎక్కడుంది? ఫస్ట్‌క్లాస్‌లో. నాయుడు 207 మ్యాచ్‌లు, 11,825 పరుగులు, 26 సెంచరీలు, సగటు 35.94. రామస్వామి 53 మ్యాచ్‌లు, 2,400 పరుగులు, 2 సెంచరీలు, సగటు 28.91. పరుగుల్ని సగటుతో భాగిస్తే ఔటైనసార్లు బయటికొస్తాయి: ఒకరు 329, ఇంకొకరు 83. మన షార్ట్‌కట్ వేస్తే నాయుడు 36, అటూ ఇటూ 2. రామస్వామి 29, అటూ ఇటూ 3. ఇప్పుడు తరాజు అటువైపు మొగ్గింది. తేడా 7, రెండు ఎర్రర్లూ కలిపితే (వర్గాలు కూడి వర్గమూలం తీయాలి, నేరుగా కూడకూడదు) 3.7. తేడా దానికి 1.9 రెట్లు. మన పాఠ్యపుస్తకం గీత 1.96 దగ్గర గీస్తుంది. వెంట్రుకవాసి తక్కువ! లెక్కని నమ్మేవాడిగా నేను "నాయుడు మెరుగని గట్టి సూచన" అంటాను, "రుజువైంది" అనను.

ఈ 29 సగటుని రామస్వామి అసలు స్థాయి అనుకుంటే, మూడు ఔట్ల మధ్య 170 పరుగులు చేసే అవకాశం జామెట్రిక్ లెక్కలో వందకి 7 వస్తుంది. అరుదు, కానీ అద్భుతం కాదు. మంచి పిచ్ తోడైతే ఇంకా పెరుగుతుంది.

నాయుడి 36లో ఏముందో కూడా చూడాలి. ఆయన ఫస్ట్‌క్లాస్ కెరీర్ 1916 నుంచి 1963–64 దాకా సాగింది. చివరి మ్యాచ్ నాటికి వయసు 68. మనలో ఎవరి తాతయ్యనైనా ప్యాడ్లు కట్టించి పంపి ఆ స్కోరు కూడా సగటులో కలిపితే ఎలా ఉంటుందో ఊహించండి. రంజీ ట్రోఫీ 1934–35లో మొదలయ్యేసరికే ఆయనకి 39. అత్యధిక స్కోరు 200 చేసింది 50 ఏళ్లు నిండాక, 1945–46లో హోల్కర్ తరఫున. ఆ ఏడాది హోల్కర్ రంజీ గెలిచింది, అది మొదటిసారి, తర్వాత ఇంకో మూడుసార్లు. ఆంధ్ర జట్టు రంజీలో అడుగుపెట్టిన 1953–54 సీజన్లో ఆయన మన జట్టుకీ ఆడారు, 58 ఏళ్ల వయసులో. సగటు కాపాడుకోవాలనుకునే మనిషి ఇవేవీ చేయడు.

ఇక టెస్ట్ కాలమ్‌లో అస్సలు లేనివి. ఇండియాకి మొదటి టెస్ట్ దొరికేసరికి నాయుడికి 36 నిండాయి. 1916 నుంచి 1932 దాకా, అంటే బ్యాటర్‌కి బలమైన పదహారేళ్లు, ఆ కాలమ్‌లో ఖాళీ. 1926 డిసెంబర్‌లో బొంబాయి జింఖానా మైదానంలో ఆర్థర్ గిల్లిగన్ నాయకత్వంలో వచ్చిన ఎం.సి.సి. జట్టు మీద హిందూస్ తరఫున ఆయన 116 నిమిషాల్లో 153 కొట్టారు. 11 సిక్సర్లు, 13 ఫోర్లు. అంటే 153లో 118 పరుగులు పరుగెత్తకుండానే వచ్చాయి. ఎదురుగా బౌలింగ్ వేసినవాళ్లలో మారిస్ టేట్ ఉన్నాడు, అప్పటి ఇంగ్లండ్ టెస్ట్ బౌలర్. రెండేళ్లకి, 1928లో, మన క్రికెట్ బోర్డు పుట్టింది, ఇంకో నాలుగేళ్లకి టెస్ట్ హోదా. ఆ ఇన్నింగ్స్ వల్లే ఇదంతా జరిగింది అనడానికి నా దగ్గర లెక్క లేదు. కానీ టెస్ట్ సగటులో ఆ 153 విలువ సున్నా అన్నది మాత్రం లెక్కే.

బౌలింగ్ గురించి ఒక్క ముక్క: ఫస్ట్‌క్లాస్‌లో నాయుడు 411 వికెట్లు తీశారు. బ్యాటింగ్ సగటు కాలమ్ సార్ట్ చేసినప్పుడు ఇది కూడా మాయం.

రామస్వామి వైపు మాయమైంది ఏంటంటే టెన్నిస్. ఆయన క్రికెట్ మ్యాచ్‌లు 53 దగ్గరే ఆగడానికి పూర్తి కారణం అదే అనను, కానీ ఇరవైల్లో ఉన్నప్పుడు ఆయన దేశం తరఫున ఆడిన ఆట అది. డేవిస్ కప్, టెస్ట్ క్రికెట్ రెండూ ఆడిన మనిషిని ఏ టేబుల్లో పెట్టాలి? నా దగ్గర ఉన్న రెండు సీఎస్‌వీ ఫైళ్లలో దేన్లో పెట్టినా సగం మనిషే వస్తాడు. నాయుడికి ఒక ప్రైమరీ కీ సరిపోయింది, రామస్వామికి జాయిన్ కావాలి.

ఈ డేటా అంతా ఒక ఫైల్లో పెట్టేటప్పుడు ఇంకో చిక్కు వచ్చింది. పుట్టిన తేదీ, పోయిన తేదీ అని రెండు కాలమ్‌లు పెట్టాను, ఏ వయసులో ఎంత ఆడారో గ్రాఫ్ గీద్దామని. నాయుడి అడ్డువరుసలో 1967 నవంబర్ 14, ఇందూరు. రామస్వామి దగ్గర ఆగిపోయాను. 1985 అక్టోబర్‌లో, 89 ఏళ్ల వయసులో, ఆయన మద్రాసులో ఇంట్లోంచి బయటికి వెళ్లారు. తిరిగి రాలేదు. ఎవరికీ కనబడలేదు. చనిపోయారని భావిస్తున్నారు అనే మాట తప్ప తేదీ అన్నది లేదు. 41 నాటౌట్ లాంటిదే ఇదీ, 89 కంటే ఎక్కువ అని మాత్రమే రాయగలం. పాండాస్ ఆ గడిలో ఏదో ఒక తేదీ పెట్టమంది. ఖాళీగా వదిలి సేవ్ చేశాను.